భుజం కొలత

ఈ సంచి నేనే కుట్టాను.
కొర్లగుంట సందులో, పెళ్ళి జాకెట్లు ఒక పక్కకు నెట్టి
పాత షామియానా గుడ్డకి రెండు వరసల కుట్టు వేసి
పట్టీల్లో చిరిగిన బొంత దూది కూరి.
ముప్పయ్యేళ్ళు ఊరందరి భుజాలూ కొలిచినదాన్ని
నా భుజానికి టేపు పెట్టింది ఆ రోజే.

మొదట మోసింది ఫాల్గుణంలో, తుంబురు కోనకి.
గేటు తీసిన రోజు, జనంలో జనంగా.
రెండు చీరలు, పులిహోర పొట్లం, దుప్పటి,
ఊరగాయ సీసా, టార్చి, ఇంకో టార్చి.
వాచరు గుర్రమ్మ సంచి ఎత్తి చూసి నవ్వింది:
"ఏమ్మే, కొండ చూసేకొచ్చినావా, కాపురం పెట్టేకా?"
ఆమె దగ్గర ఒక కత్తి, ఒక సీసా నీళ్ళు,
కొంగు ముడిలో ఇంత బెల్లం.

కోనలో రెండు బండగోడలు ఎదురెదురు.
ఇటు మలుపుంటే అటూ అదే మలుపు.
ఎవరో నడిమికి కత్తెర వేసి
కుట్టడం మరిచిపోయారు.
ఆ సందులో మొలలోతు నీళ్ళు,
తాడు పట్టుకుని పక్కకి పక్కకి నేను.

వైశాఖంలో అడవి మూశారు.
ఒక రాత్రి మేడ మీద బట్టలు తీస్తుంటే
కొండ నడుముకి సన్నటి జరీ అంచు,
ఎర్రగా, కదులుతూ.
"ఎంత బాగుందో" అన్నాను పక్కింటావిడతో.
నాలుగు రోజులకి గుర్రమ్మ ఆస్పత్రికొచ్చి
అటే మా అంగడి మెట్ల మీద కూర్చుంది.
పచ్చి కొమ్మలతో కొట్టి కొట్టి ఆర్పారట.
చెప్పులు కరిగి అరికాళ్ళకి అంటుకున్నాయి.
నేనన్న ఆ మాట
ఇంకా నా నోట్లోనే ఉంది, గుండుసూదిలా.

మా దిక్కు వాన
ఆషాఢంలో అబద్ధం చెప్పి కార్తీకంలో నిజం చెబుతుంది.
తలకోన పైన, తిరుగుదారిలో పట్టుకుంది మమ్మల్ని.
గుర్తుకి నేను కొమ్మలకి కట్టిన పసుపు పీలికలు
ఒక్కటీ లేవు. కొమ్మలూ లేవు.
పొద్దున దాటిన వాగు
సాయంత్రానికి పేరు మార్చుకుని మనిషెత్తు వస్తోంది.
బండ చూరు కింద, వెదుళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుంటుంటే
ముడుచుకుని కూర్చున్నాం.
సూది దిగిన ప్రతి రంధ్రంలోంచీ సంచిలోకి నీళ్ళు.
నా పనితనం మీద వానకి ఏ మొహమాటమూ లేదు.
"తేనె మైనం రుద్దు, కుట్టు మింద," అంది గుర్రమ్మ,
బెల్లం సగం విరిచి.
ఆమె టార్చి తడిసింది. నాది తడిసింది.
ఇంకో టార్చి వెలిగింది.
వెలుగులో, జువ్వి కొమ్మ మీద
రెండు గుండ్రటి కళ్ళు, దేవాంగపిల్లి,
మమ్మల్ని చూసి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.
తెల్లారేదాకా ఇద్దరం నవ్వకుండా ఉండలేకపోయాం,
దేనికో తెలీదు.

పుష్యంలో మామండూరు వైపు.
మంచు, ఉసిరికాయలు, మాట్లాడితే పొగ.
దారి పక్కన కోసిన ఎర్రచందనం మొద్దు.
గుర్రమ్మ నవ్వలేదు, తిట్టలేదు.
మోకాలి మీద నోటుపుస్తకం తెరిచి
"టేపుందా?" అంది.
టేపు ఎప్పుడూ ఉంటుంది నా మెడలో.
చుట్టూ తిప్పాను, ఊపిరి బిగపట్టమని
ఎవరికీ చెప్పకుండా.
ముప్పై నాలుగు.
ఆ సోమవారమే ఒక పెళ్ళికూతురి పేరు పక్కన
రాసుకున్న అంకె.
తడి పొట్టు వేళ్ళకి అంటింది;
రెండు రోజులు తెల్లగుడ్డ ముట్టుకోలేదు.

మళ్ళీ ఫాల్గుణం.
సంచి కుట్ల మీద మైనం, తేనె వాసన.
లోపల దుప్పటి లేదు, రెండో చీర లేదు.
పాత గుడ్డ ముక్కలు కొన్ని, బెల్లం,
టార్చి, ఇంకో టార్చి.
గేటు దగ్గర గుర్రమ్మ
అలవాటుగా ఎత్తి చూసింది.
ఏమీ అనలేదు.
తన నీళ్ళ సీసా అందులో పెట్టి
కుంటుకుంటూ
నా ముందు నడిచింది.